ఎనిడ్ అడిగిన సెలవు

పీతల సీజన్ ముమ్మరంగా ఉన్న మే నెలలో, ఐదో నెల కడుపు పోయిన మూడో రోజునే కెల్సీ ఫ్యాక్టరీకి వచ్చి, పీతలు కదిలొచ్చే బెల్టు ముందు నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనే పీతల కాళ్లు విరుస్తున్న ఎనిడ్ చెయ్యి ఆపి చూసింది. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ దీవిలో, రేవు దగ్గరున్న ఆ ఫ్యాక్టరీలో ఆవిడ ముప్పై మూడేళ్లుగా పనిచేస్తోంది. యూనియన్ తరఫున మాట్లాడేదీ ఆవిడే.

"ఇంటికి పో తల్లీ."

"పోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు ఆంటీ."

"ఎలా ఇస్తారు? ప్రావిన్సులో చట్టం మారింది. కడుపు పోయినా సెలవుంది, నీ చోటు నీకే ఉంటుంది. గోడ మీద ఆ కాగితం అంటించింది నేనేగా! మీ కుర్రకారు ఫోన్లు తప్ప ఏదీ చదవరు కదా."

కెల్సీ నవ్వబోయి ఏడ్చేసింది. ఎనిడ్ ఆమె రబ్బరు ఏప్రాను తనే విప్పి, ఫోర్‌మన్ రోలండ్‌తో ఒక్క మాట చెప్పి, బండిలో వాళ్లింటికి తీసుకెళ్లింది. టీ కాచి ఇచ్చింది.

"మీ రోజుల్లో ఏం చేసేవాళ్లు ఆంటీ?"

ఎనిడ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నేనూ మూడో రోజునే పనిలోకొచ్చాను. నెలలు నిండిన పిల్ల. ఏడవనే లేదు. మా ఆయనొక్కడే తీసుకెళ్లి చర్చి వెనక పాతిపెట్టొచ్చాడు. సీజన్ అయ్యాక ఆ చోటు చూపించమందాం అనుకున్నా. అయ్యాక అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయనా లేడు. దానికి మెరీనా అని పెట్టుకున్నాను."

ఆ పేరు ఆవిడ పైకి పలకడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే రోలండ్ దగ్గరికెళ్లింది. "నాకూ ఒక రోజు సెలవు కావాలయ్యా."

"సీజన్లో నువ్వు సెలవా? ఎందుకని రాయను?"

"బిడ్డ పోయింది."

రోలండ్ ఆవిడ నెరిసిన జుట్టు కేసి చూశాడు. నోటిదాకా వచ్చిన వేళాకోళాన్ని మింగేశాడు. "ఎప్పుడు?"

"ముప్పై రెండేళ్లయింది. చట్టానికి అందదులే. సొంత పని అని రాయి."

చర్చి వెనక కంచె పొడవునా చలికి ఎండిన గడ్డి ఇంకా పసుపుపచ్చగానే ఉంది. రాయీ పేరూ లేని చిన్న చిన్న గుంతలు నాలుగైదు కనిపించాయి. ఎనిడ్ ఒక్కోదాని దగ్గరా వంగి, చేత్తో తడిమి చూసింది. ఏదని తెలుస్తుంది? చివరికి వాటి మధ్యన చతికిలబడి, కోటు దగ్గరికి లాక్కుని, మెల్లగా పిలిచింది. మళ్లీ పిలిచింది.

కింద రేవులో పడవలు వచ్చే వేళయింది. ఆవిడ లేవలేదు. సాయంత్రం దాకా ఆ రోజంతా ఆవిడదే.