అమ్మవారు వెళ్ళాక

తాల్‌బగీచాలో, బెంగాల్లోని మా తెలుగువాళ్ళ పేటలో, మా పక్కింటి గుమ్మానికి వేపమండలు కట్టి నెల దాటింది. అది రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు జగ్గారావు ఇల్లు. అతని కూతురు నీలవేణి ఇండస్ట్రియల్ పార్క్‌లో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. ఆ పిల్లకి జ్వరం వచ్చి, రెండు బుగ్గల మీదా ఎర్రగా పేలింది. అమ్మవారు పోసిందంది తల్లి నూకాలమ్మ. అమ్మవారు ఇంట్లో ఉండగా మందులు వాడరు, పోపు కూడా వెయ్యరు.

నా భార్య పోయినప్పటి నుంచీ నా పొద్దుటి టీ ఆ ఇంటి నుంచే వస్తుంది. ఆ నెలలో కూడా మానలేదు, గ్లాసు గోడ మీద పెట్టి వెళ్ళేవారు.

ఒక ఉదయం నీలవేణే తెచ్చింది. కళ్ళ కింద ఉబ్బు. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

“మాస్టారూ,” అంది తల వంచుకుని, “ఒంటేలు సబ్బు నురగలా వత్తంది. అమ్మకి సెప్తే వేడంటంది.”

భయం వేసింది. వాదించి లాభం లేదు కనుక నూకాలమ్మని ఒకటే అడిగాను.

“అమ్మవారిని పంపే మూడు నీళ్ళూ పోసేశావా?”

“పోసీసినాను. నైవేద్దెం ఎట్టి సాగనంపీసినాను. ఎరుపు తగ్గనేదని మండలుంచినాను.”

“ఆవిడ వెళ్ళిపోయాక మిగిలిన వాపు ఎవరిది మరి?”

జగ్గారావు అందుకున్నాడు. “సాగనంపిన సుట్టాన్ని ఇంకా ఇంట్లోనే ఉందంతావేటే? ఆవిడకే కోపమొస్తాది.”

నూకాలమ్మ లేచి మండలు విప్పేసింది.

టోటో రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళాం. పరీక్షలు చూసి డాక్టరమ్మ లూపస్ అంది. రోగాలతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి సొంత కిడ్నీలనే దెబ్బ తీస్తోందట. బుగ్గల ఎరుపూ దానిదే.

“గేటుకాడ కాపలావోడు దొంగల్నొగ్గీసి డ్యూటీకొచ్చినోల్లని కొట్టినట్టేటి?” అన్నాడు జగ్గారావు. నేను బెంగాలీలో చెప్తే డాక్టరమ్మ నవ్వి తలూపింది. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే ఏ మందు వాడాలో తెలుస్తుందంది. ఏళ్ళ తరబడి వాడాలి, కానీ కిడ్నీలు నిలబెట్టుకోవచ్చు.

“ముందే తెచ్చుంటే?” అంది నూకాలమ్మ.

“ఇప్పుడు తెచ్చారుగా దీదీ,” అంది డాక్టరమ్మ.

ముక్క తీసే గదికి తీసుకెళ్ళడానికి నర్సు వచ్చింది. నూకాలమ్మ కూతురి చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టింది.

“తీసుకెల్లమ్మా. సూది కాడ దీనికి బయ్యం. దీని కూడా ఉండు.”