పెళ్ళిరోజుకి ట్రయల్

మిషనక్క మొగుడు జన్మలో ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగినవాడు కాడు. కూరేం చెయ్యమంటారంటే నీ ఇష్టం. చొక్కా ఏ రంగు తీసుకోమంటారంటే నీ ఇష్టం. కూతురికి పేరేం పెడదామన్నా నీ ఇష్టమేనన్నాడు మహానుభావుడు. కొత్తలో ఆవిడ దీన్నే ప్రేమనుకుని మురిసిపోయింది, అన్నీ నాకే వదిలేస్తారని చెల్లెలి దగ్గర గొప్పలు కూడా పోయింది. ఇప్పుడు ముప్ఫయ్యో పెళ్ళిరోజు దగ్గరికొస్తోంది. ఆ రెండు మాటలూ చెవిన పడితే చాలు, ఒళ్ళు మండిపోతోంది.

వీధి మలుపులో ఇరుకు కొట్టు, అందులో కుట్టుమిషను, దాని వెనక ఆవిడ. అందుకే అందరికీ మిషనక్క అయింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పోనీ మాటరాని మనిషా అంటే అదీ కాదు, అదే కదా ఆవిడ కడుపుమంట. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయి ఫోన్ చేస్తారు. అప్పుడు వినాలి ఆయన గొంతు. "భయపడకండమ్మా, గాలి ఆడుతూనే ఉంటుంది. నేను దారిలోనే ఉన్నా. మీకు పిల్లలెంతమంది? మాట్లాడుతూ ఉండండి" అంటూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మెట్లు దిగిపోతాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఎంత ఓపిగ్గా చెబుతాడో! వంటింట్లో గరిటె పట్టుకుని వింటూ, ఒక్కసారి నేను కూడా ఏ లిఫ్టులోనైనా ఇరుక్కుపోతే బాగుండునని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో.

కూతురు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఫర్వాలేదు. అమ్మ మాట నాన్నకీ, నాన్న మాట అమ్మకీ చేరవేస్తూ ఆ పిల్లే ఇల్లు నడిపింది. పెళ్ళయి అది వెళ్ళిపోయాక ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపించడం మొదలైంది. ఆ సంగతి కనిపెట్టిందో ఏమో, ఈసారి పెళ్ళిరోజుకి మీరిద్దరూ ఎక్కడికైనా పచ్చటి చోటికి వెళ్ళి రెండ్రోజులు హాయిగా ఉండి రావాల్సిందేనని కూతురు పట్టుబట్టింది. ఫోన్‌కి మూడు ఫొటోలు పంపింది. కొండ మీద బంగళా, అడవిలో చెక్క ఇల్లు, సరస్సు ఒడ్డున గది. అల్లుడూ తనూ కలిసి ఇస్తున్న బహుమతి, మాట్లాడటానికి వీల్లేదు, ఏదో ఒకటి ఎంచుకుని శనివారం లోపల చెప్పండి అంది.

ఎంచుకోవడమట, అదీ ఆయన చేత. ఫొటోలు చూపిస్తే అద్దాలు పెట్టుకుని మూడూ శ్రద్ధగా చూసి, అద్దాలు తీసి, "నీ ఇష్టం" అన్నాడు. ఆవిడకి ఫోను నేలకేసి కొట్టాలన్నంత కోపమొచ్చింది. ఆవిడకి కొండా అక్కర్లేదు, కోనా అక్కర్లేదు. తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఈ మనిషికి నాతో ఉండాలని ఉందా, లేక అలవాటు కొద్దీ ఉంటున్నాడా? ఉందని తేలితే చాలు, ఇంకో ముప్ఫయ్యేళ్ళు ఈ గడియారం చప్పుడు వింటూ బతికేయగలదు. లేకపోతే ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

కుట్టుపనిలో ఆవిడకో పద్ధతుంది. ట్రయల్‌కి వచ్చినావిడ అద్దం ముందు నిలబడి బాగుందండీ అంటే చచ్చినా నమ్మదు. మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు, ఇంటికెళ్ళాక చంకలో పట్టేసిందని తిట్టుకుంటారు. అందుకని చేతులు పైకెత్తమంటుంది, స్టూలు మీద కూర్చోమంటుంది, కింద పడ్డ గుండుసూది తీసి ఇమ్మంటుంది. అలా వంగినప్పుడు తెలుస్తుంది ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో. శుక్రవారం సాయంత్రం కొట్లోంచి ఇంటికి తెచ్చుకున్న లంగా అంచు మడిచి కుడుతూ, ఈ పద్ధతి మొగుడి మీద ఎందుకు పెట్టి చూడకూడదనుకుంది.

ఆయన భోజనాల బల్ల మీద పాత పేపరు పరుచుకుని, లిఫ్టు తలుపు చక్రాలకి పట్టిన జిడ్డు తుడుస్తున్నాడు. ఎక్కడికి వెళ్దామని ఆవిడ అడగలేదు. "కొండ మీదికి వచ్చేశామనుకోండి" అంది. "తెల్లారింది, లేచారు. ఏం చేస్తున్నారు?"

ఇదేం ప్రశ్నే అన్నట్టు చూశాడు. ఊరికే చెప్పండి అని బతిమాలితే, వరండాలో కూర్చుని టీ తాగుతానన్నాడు. మరి నేనో అంటే, నువ్వు లేవవుగా, పడుకుని ఉంటావన్నాడు. పాపం, ఇంట్లో ఆయన కళ్ళు తెరిచేసరికే చేతికి టీ అందించేది ఎవరనుకున్నాడో. ఆవిడ దారం కొరికి, సరే, ఇప్పుడు అడవిలో ఉన్నామనుకోండి అంది. అడవిలో ఆయన పొద్దున్నే నడకకి వెళ్ళాడు. పేరు తెలియని పిట్టల్ని చూశాడు. ఎవరూ ఫోన్ చెయ్యరు, ఎంత హాయి అన్నాడు. మరి నేనో అంటే, నీకు మోకాళ్ళ నొప్పులు కదా, గదిలో ఉంటావన్నాడు. మోకాళ్ళ నొప్పులు ఆయన అక్కగారివి.

సరస్సు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. మొహంలోకి వెలుగొచ్చింది. పడవ ఎక్కుతానన్నాడు. పడవవాణ్ణి నడిమధ్యకి తీసుకెళ్ళి తెడ్లు వదిలెయ్యమంటాడట. చుట్టూ నీళ్ళు, చప్పుడుండదు, పైకీ కిందకీ పోయేదేమీ ఉండదు. ఇన్నేళ్ళలో ఆయన అన్ని మాటలు ఒక్క బిగిన ఇంట్లో మాట్లాడగా ఆవిడ వినలేదు.

"నేనెక్కడున్నాను?" అంది ఆవిడ, కుట్టు మీంచి తల ఎత్తకుండా.

"ఒడ్డున" అన్నాడు, ఆలోచించుకోకుండా.

సూది వేలిలో దిగింది. ఆవిడ పుట్టింటి వెనకే ఏరు పారేది, అందులో ఆవిడ చేపపిల్లలా ఈదేది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎదురుగానే అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ వెళ్ళి తిరిగొచ్చింది. ఈయనగారు తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడి, వచ్చెయ్యవే, వచ్చెయ్యవే అని గొంతు పోయేలా అరిచాడు. వచ్చాక తువ్వాలు చుట్టి, చాలాసేపు వదల్లేదు. వణికింది ఆవిడ కాదు, ఆయనే. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ దాచుకున్న మొగుడు ఆ మొగుడే.

మూడు చోట్లా వెతికితే ఒక్కచోటా ఆవిడ లేదు. ట్రయల్ అయిపోయింది, ఎక్కడ బిగుతో తేలిపోయింది. ఇంకెవరికైనా అయితే అక్కడితో ఆగమనే చెప్పేది. కానీ తనదాకా వచ్చేసరికి మనసు ఒప్పుకోదు కదా. పరధ్యానంలో అన్నాడులే, నిజంగా నీళ్ళ పక్కకి వెళ్తే ఆ ఏరు గుర్తురాకుండా ఉంటుందా, గుర్తొస్తే చెయ్యి అందించకుండా ఉంటాడా అని సర్దిచెప్పుకుంది. కూతురికి ఫోన్ చేసి సరస్సేనని చెప్పింది. నాన్నే ఎంచుకున్నారా అని పిల్ల సంబరపడిపోయింది. నాన్నే ఎంచుకున్నారంది.

సరస్సు ఫొటోలో కన్నా అందంగా ఉంది, వంకపెట్టడానికేమీ లేదు. పెళ్ళిరోజు పొద్దున్నే ఆయన తనంతట తానే లేచి, గడ్డం గీసుకుని, ఈల వేస్తూ రేవుకి బయల్దేరాడు. ఆవిడ కొత్తగా కుట్టుకున్న బట్టలు కట్టుకుంది. వెనకాలే నడుస్తుంటే గుండె పెళ్ళికూతురి గుండెలా కొట్టుకుంది, సిగ్గులేకుండా.

పడవలో ఇద్దరికి చోటుంది. పడవవాడు పెద్దమనిషి, మర్యాదస్తుడు. ఆయన్ని ఎక్కించుకుని, ఆవిడ కోసం రెండో చెక్క మీది తడి తుడిచి, రండమ్మా అని చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతి వంక చూడలేదు. మొగుడి మొహం వంక చూసింది.

"ఆవిడకి నీళ్ళంటే భయం లెండి" అన్నాడు ఆయన.

అది అబద్ధమైతే బాగుండునని ఆవిడ ఎంత కోరుకుందో. ఒంటరిగా వెళ్ళాలని ఉండి అబద్ధమాడితే, కనీసం ఆ ఏరు ఆయనకి గుర్తున్నట్టే కదా. కానీ ముప్ఫయ్యేళ్ళుగా ఆ మొహం చూస్తోంది, అందులో అబద్ధం లేదు. ఎంతో మంచిగా, ఆవిడని ఇబ్బంది పెట్టకుండా కాపాడుతున్నట్టే అన్నాడు. నాకు ఈత వచ్చండీ అని నోటిదాకా వచ్చింది. చెప్పి ఏం చేసుకోవాలి? చెబితే ఎక్కమంటాడు. ఎక్కాలా వద్దా, నీ ఇష్టం అంటాడు.

తడుస్తాయని చెప్పులూ ఫోనూ ఆవిడ చేతికిచ్చాడు. పడవ కదిలింది. నీళ్ళ మీద మాట దూరం వస్తుంది. "మీకు పిల్లలెంతమంది?" అని పడవవాణ్ణి అడుగుతున్నాడు, ఆ గొంతుతోనే.

ఆవిడ గట్టు మీద కూర్చుని, చెప్పులు పక్కన పెట్టుకుంది. కాసేపటికి ఒళ్ళో ఆయన ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, ఏడుస్తోంది. నాలుగో అంతస్తుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆగిపోయిందట, దీపం కూడా పోయిందట. మొగుడు సెలవు పెట్టాడని ఆయన బదులు ఇంకో మెకానిక్‌ని పెట్టారు, లిఫ్టులో మాత్రం ఇంకా ఈ నంబరే రాసి ఉందట. ఆ మెకానిక్‌కి వాచ్‌మన్ ఈపాటికే చెప్పాడట, అతను బయల్దేరాడట. అంతా చెప్పి కూడా ఆ ఏడుస్తున్న మనిషి ఫోన్ పెట్టలేదు.

"పెట్టెయ్యకండి" అంది. "ఒక్కదాన్నే ఉన్నాను."

మిషనక్క సరస్సు వంక చూసింది. పడవ నడిమధ్యకి చేరింది. తెడ్లు వదిలేసినట్టున్నారు, కదలడం లేదు.

"భయపడకండమ్మా" అంది. "గాలి ఆడుతూనే ఉంటుంది. నేనూ ఒక్కదాన్నే ఉన్నాను. మాట్లాడుతూ ఉండండి."