అట్టలు తీసిన రోజు

నీళ్ల మామ సీసాలోకి సన్నపైపు దించి, రెండో కొసని నోటితో పీల్చాడు. చేపల మురికి నాలుక్కి తగలగానే తుపుక్కున ఉమ్మి, పైపుని బక్కెట్లోకి వదిలాడు. రంగుచేపల కొట్లో చేరిన నాటి నుంచీ పొద్దున్నే ఇదే ఫలహారం. గోళ్లు నాని తెల్లబడ్డాయి, నడుం కొళాయిలా వంగింది. సగం నీళ్లు తీసి, డ్రమ్ములో రాత్రంతా నిలవుంచిన నీళ్లు మెల్లగా పోస్తాడు. కొళాయి నీళ్లు తిన్నగా పోస్తే బ్లీచింగుకి చేప తేలిపోతుంది.

"చేపలకి మోసినన్ని నీళ్లు ఇంటికి మోస్తే నా మోకాళ్లు బాగుండేవి" అంటుంది పెళ్లాం. నవ్వుతాడు. నవ్వడం, తలూపడం, ఆ మనిషికి వచ్చినవి ఈ రెండే.

ఒక్క తెల్ల హాఫ్‌మూన్ చేప దగ్గర మాత్రం నోరు పెగులుతుంది. గుడ్డు నుంచి పెంచాడు. తోక విప్పిందంటే అర్ధచంద్రుడే. "ఏరా పెళ్లికొడకా, లేచావా?" అంటాడు. ఈ ఫైటర్ చేపలు ఎదురుపడితే కాళ్లు లేకపోయినా కయ్యానికి కాలు దువ్వుతాయి. అందుకే సీసాల మధ్య అట్టలు. రోజూ కాసేపు అట్ట తీసి, తోక సాగనిచ్చి, మళ్లీ పెట్టేస్తాడు.

ఆ కాసేపు ఇవాళ ఓనరు కంట పడింది.

"ఇంత తమాషా దాచావేం మామా? అట్టలన్నీ తీసెయ్. సాయంత్రం దాకా అలాగే ఉండనీ, జనం చూస్తారు."

రోజంతా రెచ్చిపోతే తోక పీలికలవుతుంది, చేప అలసి చస్తుంది. ఆ ముక్క మామ గొంతు దాకా వచ్చింది.

"అలాగే సార్" అన్నాడు.

థూ! బొటనవేలంత చేప ఎదుటిదాని మీదికి లేస్తుంది, ఇంత మనిషికి నోరు లేవలేదు.

జనం వచ్చారు. ఫోన్లెత్తారు. "అబ్బ, డాన్సు చేస్తోందండీ!" అంది ఒకావిడ. డాన్సట! ఊపిరాడక నోరు తెరిచినవాణ్ణి చూసి పాట పాడుతున్నాడనుకునే రకం. తెల్లచేప గాజుకి మూతి కొట్టుకుంటూనే ఉంది. మధ్యాహ్నానికి తోక దారాలు దారాలైంది. మామ అటు వెళ్లినప్పుడల్లా పక్క సీసా తుడిచి వెనక్కి వచ్చాడు.

లైట్లు వేసే వేళకి చేప అడుగున పక్కకి ఒరిగింది. మొప్ప ఒకసారి ఆడింది. మళ్లీ ఆడలేదు.

ఓనరు తొంగిచూశాడు. "పోయిందా? ఎర్రదాన్ని వెయ్యి అందులో. ఖాళీ సీసా అసహ్యంగా ఉంటుంది."

మామ తలూపలేదు. అట్టలు తెచ్చి, జనం చూస్తుండగానే, సీసాల మధ్య ఒక్కొక్కటే దోపాడు.

"ఏయ్, ఎవడు పెట్టమన్నాడు?"

మామ ఆఖరి అట్ట కూడా దోపాడు. పోతూ పోతూ రేపటికి డ్రమ్ము కూడా నింపాడు, సన్నాసి! అప్పుడు చచ్చిన చేపని దోసిట్లో పెట్టుకుని బయటికి నడిచాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తలుపైనా దడాలున వెయ్యలేదు.

మర్నాడు రాలేదు. ఆ పైన కూడా రాలేదు. కొళాయి పక్కన మేకుకి అతని తువ్వాలు వేలాడుతోంది, ఓనరు చేతులు తుడుచుకోడానికి పనికొస్తోంది.