వెంకటనారాయణ లీడ్ తీసుకున్న కల్లం

జయకుమారికి మొగుడి మీద ఫిర్యాదు ఒక్కటే: ఆయన ఏ పనీ చేయడు, అన్నిటికీ లీడ్ తీసుకుంటాడు. గ్యాస్ బుక్ చేయాలంటే లీడ్. పాలు తోడు పెట్టాలంటే లీడ్. వినుకొండలో రెండు రోజుల రైతు శిక్షణకు వెళ్ళి ఆ మాట పట్టుకొచ్చిన దగ్గర్నుంచి, పొయ్యి మీద కూర మాడుతున్నా "ఎవరైనా లీడ్ తీసుకోండి" అని వసారాలోంచి కేకేస్తాడు. తీసుకోవడానికి ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే.

ఈసారి మాత్రం ఆవిడకు నవ్వు రాలేదు. తొమ్మిది మంది రైతుల మిరపకాయల్ని ఒకే కల్లంలో ఎండబోసే ఏర్పాటుకు వెంకటనారాయణ లీడ్ తీసుకున్నాడు. వాళ్ళ ఏడాది పంట అక్కడ ఆరుబయట పరిచి ఉంది.

మధ్యాహ్నం ఆవిడ టీ తీసుకెళ్ళేసరికి, కోత కూలీల మేస్త్రి ఎలీసమ్మ తూర్పుకేసి చూస్తోంది.

"గాలి మళ్ళిందయ్యా. కాయలు కుప్పజేసి పట్టాలు కప్పేద్దాం."

"ఫోన్లో వాన లేదు. ఇంకొక్క పూట ఎండితే కాయ గలగలలాడుద్ది. లీడ్ నేను చూసుకుంటన్నాగా, నువ్వు కంగారుపెట్టమాక" అన్నాడు వెంకటనారాయణ.

"లీడంటే ఏందయ్యా?"

"ముందుండి నడిపించడం."

"అదా. మా కోతల్లోనూ ఉందిలే. ముందు సాలు ముగించినామె గట్టెక్కి కూర్చోదు. తిరిగొచ్చి, వెనకబడినామె సాలు అందుకుంటది. మీ వెనకాల ఎవరున్నారో చూసుకోండి."

ఆయన చూడలేదు. జయకుమారి చూసింది. రైతులంతా పట్టాలు పట్టుకుని ఆయన మాట కోసం నిలబడి ఉన్నారు.

"పోనీ కప్పిద్దామండీ" అంది మొగుడితో.

"లీడ్ చేసేవాడు పూటకో మాట చెప్పకూడదే."

గంట తిరక్కుండా వాన దిగింది. అందరూ పరిగెత్తారు. సగం కాయ కుప్పకు చేరింది, మిగతా సగం నీళ్ళలో నానింది.

వాన వెలిసింది. ఎకరం కౌలు చేసుకునే అన్వర్ తన కాయ దోసిట్లోకి తీసుకున్నాడు. నీళ్ళు కారిపోయాయి. కాయ మెత్తగా అతుక్కుపోయింది. నల్లబడడానికి ఇక రెండు రోజులు చాలు.

"ఫోన్లో..." అని మొదలుపెట్టి, అన్వర్ దోసిలి చూసి ఆగిపోయాడు వెంకటనారాయణ. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో ఎలీసమ్మ దగ్గరికి నడిచి, ఏదో గొణిగాడు.

"అన్వర్ దాకా వినపడలేదండీ" అంది జయకుమారి.

ఆయన భార్య వైపొకసారి చూసి, రైతుల వైపు తిరిగాడు.

"ఎలీసమ్మ కప్పమంది. నేనే వద్దన్నా. తప్పు నాదే."