ఆర్లిస్ ఖాతాలోంచి డెల్మార్ వాటా

పక్కింటి లవోన్ చెప్పిన మాట ఇది, నిజమెంతో ఆవిడకే తెలియాలి. డెల్మార్ పెళ్ళాం ఆర్లిస్ గడ్డకట్టిన సరస్సు మీద ఒక్కతే తిరుగుతూ, మంచుకి కన్నం పెట్టి లోపల కూర్చుని చేపలు పట్టుకునే గుడిసె ఎవరైనా అమ్ముతారా అని వాకబు చేస్తోందట. మొగుడికి గుడిసె ఉండగా పెళ్ళానికింకోటి ఎందుకని లవోన్‌కి నిద్ర పట్టలేదు. వినేశాక నాకూ పట్టలేదు. అందుకే ఆ మొగుడూ పెళ్ళాలు పన్ను లెక్కలు చూపించుకోడానికి చర్చికి బయల్దేరుతుంటే, దారంతా మంచు, బండి నేను నడుపుతానని వెంటబడ్డాను.

దారిలో ఆర్లిసే చెప్పింది. డెల్మార్ గుడిసెలో కుర్చీ ఆయనది, పొయ్యి పక్క చోటు ఆయనది, ఎక్కువ చేపలు పడే కన్నం ఆయనది. బడి వంటగదిలో పనిచేసినన్నాళ్ళూ తన ఖాతాలో దాచుకున్న డబ్బుతో తనకంటూ ఒకటి కొనుక్కోవాలని ఆశ. డెల్మార్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇద్దరికీ డెబ్బై మూడు దాటింది. రిటైర్‌మెంట్ ఖాతాలో పన్ను కట్టకుండా దాచుకున్న సొమ్ములోంచి ఆ వయసు దాటాక ఏటా ఇంత వాటా అని తీసి తీరాలి, తీసినదానికి పన్ను కట్టాలి. పొదిగే కోడి కిందనుంచి గుడ్లు లాగినట్టుంటుంది నాకు. మన డబ్బు తీసుకోమని మనల్నే బలవంతపెట్టడమేమిటో!

చర్చి కింది గదిలో కొరీన్ అనే అమ్మాయి పన్ను లెక్కలు చూస్తుంది. కాఫీ పోసిచ్చి, కాగితాలు అటూ ఇటూ తిప్పి, డెల్మార్ ఖాతాలోంచి కిందటేడు ఏమీ తీయలేదేమని అడిగింది.

తీశామన్నాడు డెల్మార్. ఆయన ఖాతా నిండా తను నలభై ఏళ్ళు పనిచేసిన ట్రాక్టర్ల ఫ్యాక్టరీ షేర్లే. అవి అమ్మడానికి చేతులు రాక, ఇద్దరి వాటా కలిపి ఆర్లిస్ ఖాతాలోంచే తీయించాడు. సంతకం పెట్టమంటే ఆవిడ పెట్టింది. వచ్చిన సొమ్ము ఉమ్మడి ఖాతాలో పడి ఇంటి పైకప్పుకీ, ఆయన ట్రక్కుకీ అయిపోయింది.

"అలా కుదరదు పెద్దాయనా," అంది కొరీన్. "పన్ను ఇద్దరూ కలిసి కట్టొచ్చు. ఖాతా మాత్రం ఎవరిది వాళ్ళదే. మీ వాటా మీ దాంట్లోంచే తీయాలి."

ఇప్పుడేం చేయాలని నేనే అడిగాను. కిందటేటి వాటా ఆయన వెంటనే తీయాలట. ఆలస్యానికి జరిమానా ఉంటుంది, మాఫీ చేయమని కారణం రాసి అడగొచ్చు. ఆర్లిస్ ఖాతాలోంచి ఎక్కువ తీసింది మాత్రం తిరిగి వేయడానికి గడువు దాటిపోయింది. దాని మీద పన్ను కూడా తప్పదు.

ఆర్లిస్ కాఫీ కప్పు పక్కకి జరిపి, అయితే తన గుడిసె డబ్బులు పోయినట్టేనా అని అడిగింది.

"పోవడమేంటే, మనింటి పైకప్పే కదా," అన్నాడు డెల్మార్. అని, కొరీన్ వైపు తిరిగి నవ్వాడు. "యాభై ఏళ్ళ కాపురమమ్మా మాది. నాదీ తనదీ అని ఎప్పుడైనా అనుకున్నామా? మేమిద్దరం ఒక్కటే."

"ఇన్నేళ్ళకి నన్ను వేరే మనిషని లెక్కేసింది ఆ పన్నులాఫీసు ఒక్కటే డెల్మార్," అంది ఆర్లిస్.