మోడెంలో పేరు లేనివాడు

శాలేమురాజు పొద్దున్నే పళ్ళు తోముకోకముందే తెనాలి ఇంట్లో మోడెం ఎలా ఉందో చూసుకునేవాడు. తనుండేది బాపట్లలో. కాలేజీ కంప్యూటర్లకు పెద్ద దిక్కు. రెండువేల ఎనిమిదిలో తెనాలిలో తమ ఇల్లున్న చెంచుపేటలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళే తక్కువ. అలాంటిది ఆ మోడెం పెట్టెను బాపట్లలో కూర్చుని ఆపడం, మళ్ళీ లేపడం, ఎవరు వాడుతున్నారో కనిపెట్టడం వచ్చని అతనికి మహా గర్వం. భార్య జ్యోత్స్న అన్నం తిన్నదో లేదో అడగడం మర్చిపోయేవాడు గానీ, మోడెం లైట్ల సంగతి మర్చిపోయేవాడు కాదు. రైల్లో గంట దూరమే. అయినా రోజూ తిరిగితే ఒళ్ళు హూనమని గది తీసుకుని శనివారాలు మాత్రం ఇంటికొచ్చేవాడు.

గది తీసుకున్న నెలలోనే అతని నీడ బాపట్ల వెళ్ళడం మానేసి ఇంట్లో ఉండిపోయింది.

"మంచిదే, ఎండలో నడవడం తేలిక" అన్నాడు గది ఓనరు దశరథరామయ్య.

తెనాలిలో పక్కింటి పుల్లమ్మ, "మీ ఆయన నీడ చర్చికొచ్చిందమ్మా, పాట అయ్యేదాకా కదల్లేదు" అని మెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం ఎవరెవరు వాడుతున్నారో చూపించే మోడెం పేజీలో ఇంటి కంప్యూటర్ కింద ఇంకోటి కనిపించింది, పేరు లేకుండా. మర్నాడూ అంతే. శాలేమురాజు వెంటనే ఫోన్ చేశాడు.

"ఇంటికెవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి."

"మోడెం అబద్ధం చెప్పదు జ్యోత్స్నా."

"ఓ, అదా! మీ నీడండి. పక్కన కూర్చుంటే ఇద్దరం పాటలు వింటున్నాం. నేనేం చెప్పినా వింటది, పాపం."

ఆమె గొంతులో నవ్వుంది. ఆ నవ్వు అతను విని ఎన్నాళ్ళయిందో! పరాయివాడైతే వెళ్ళి నాలుగు తన్ని వచ్చేవాడు. సొంత నీడ మీద ఎవరికి చెప్పుకుంటాడు? తన కాళ్ళ కింద పడి ఉండాల్సినది తన కుర్చీలో కూర్చుని తన పెళ్ళాం కబుర్లు వింటోంది. కుళ్ళుతో రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆ పేరు లేనిదాన్ని బ్లాక్ చేసి, "ఇప్పుడు వినమను" అనుకున్నాడు.

అప్పటినుంచి నీడ గుమ్మం దాటలేక వీధరుగు మీదే ఉంది. పుల్లమ్మ దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచేది.

శనివారం శాలేమురాజు హుషారుగా వచ్చాడు. అరుగెక్కగానే నీడ లేచి కాళ్ళకు అంటుకుంది. గెలిచాననుకుని గుమ్మం దాటబోతే కాలు లోపలికి పడలేదు. తోసి చూశాడు, పక్కకు తిరిగి చూశాడు. తలుపు బార్లా తెరిచే ఉంది.

"నీడనాపితే మనిషినాపినట్టే గదా అబ్బాయ్" అంది పుల్లమ్మ.

"జ్యోత్స్నా, మోడెం పేజీలో ఆ బ్లాక్ తీసెయ్!"

"పాస్‌వర్డ్ మీరెప్పుడు చెప్పారండి నాకు?"

వీధంతా వినేలా చెప్పాల్సి వచ్చింది. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది.

"పేరు పెడితేగానీ రానివ్వదంటండి. ఏం పెట్టమంటారు?"

"ఏంటా ప్రశ్న? నా పేరే పెట్టు."

"మీ పేరు పెడితే శనివారాలు తప్ప రాదండి."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అందుకే అతనికి తగిలింది.

"రోజూ వస్తాను."

"ఒళ్ళు హూనమవుద్దేమో?"

"అవనీ."

ఆమె ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ అతని పేరు కొట్టింది. అతని కాలు గుమ్మం లోపల పడింది.

సోమవారం స్టేషన్లో రైలు పాసు తీసుకున్నాడు. మోడెం పాస్‌వర్డ్ మాత్రం జ్యోత్స్న అప్పటికే మార్చేసింది.