ఎలుగు కింద పొట్లం

తైపేలో నల్లెలుగును మొదటిసారి చూసి నవ్వని దుకాణదారు లేడు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరని పేరేగానీ, నిజంగా ఒళ్ళో పెట్టుకున్నవాడు కాసేపటికే తొడలు రుద్దుకుంటూ లేచేవాడు. రెండు ఇటుకలంత మందం. సంచిలో వేసుకుంటే భుజం గుంజేది. "దీన్ని మొయ్యడానికి ఇంకో మనిషిని కూడా ఇస్తారా అమ్మా?" అని గ్వాంగ్‌హువా బజారులో ఒకాయన గు పెయ్‌రోంగ్‌ని మొహమ్మీదే అడిగాడు. అప్పుడామెకు దాన్ని తయారుచేసే కంపెనీలో కొత్తగా ఉద్యోగం. చెవులు ఎర్రబడ్డాయి.

అయినా ఎలుగు అమ్ముడుపోయింది. సినిమా ముక్కలు అతికించేవాళ్ళకీ, భవనాల నమూనాలు గీసేవాళ్ళకీ, ఆటల పిచ్చి పట్టినవాళ్ళకీ కావలసింది అందం కాదు, మధ్యలో చతికిలబడని యంత్రం. ఎలుగు చతికిలబడేది కాదు. పొద్దున అప్పజెప్పిన పనిని పొద్దుగూకేదాకా అదే వేగంతో చేసేది. దాని ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవడానికి దారులు వేసింది పెయ్‌రోంగే. ఎక్కడ రాగి గొట్టం వంగాలో, ఏ పంకాకి ఎన్ని రెక్కలుండాలో ఆమె చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. ఆమెకు గర్వంగా చెప్పుకునేది ఏదన్నా ఉందంటే అదొక్కటే.

రెండో తరంలో ఎలుగుకి ఒక అన్న పుట్టాడు, బల్ల కింద పెట్టుకునే నిలువెత్తు పెట్టె. ఆ రెండో తరంలోనే, పూలీ కొండల్లో పక్షుల మీద సినిమాలు తీసే ఔయాంగ్ అనే ఆయన, పంకా విరిగిన తన ఎలుగును చంకలో పెట్టుకుని కంపెనీ గుమ్మం ముందు దిగాడు. పెయ్‌రోంగ్ అక్కడే నిలబడి మార్చి ఇచ్చింది. అప్పటినుంచి ఆయన ప్రతి తరమూ కొన్నాడు, కొన్న ప్రతిసారీ ఆమెకు ఫోన్ చేశాడు. మూడో తరం తర్వాత ఐదో తరం వచ్చింది. నాలుగు అన్న మాట ఇక్కడి భాషలో చావులా వినిపిస్తుంది, ఆ అంకె తగిలించిన సరుకును ఈ ఊళ్ళో ఎవడు కొంటాడు?

ఐదుతో మొదలైంది సన్నబడే జబ్బు. ముందు బ్యాటరీ ఊడి రావడం మానేసింది. తర్వాత లోపల ఇంకో ముక్క తగిలించుకునే చోటు మూసేశారు. అన్నగారు కుంచించుకుపోయి, బల్ల కిందినుంచి బల్ల మీదికొచ్చి, ఒకనాడు ఎవరికీ చెప్పకుండా మాయమయ్యాడు. అమ్మకాల వైపునుంచి ఎలుగు విభాగానికి పెద్దగా వచ్చిన లియావ్, మీటింగులో అందరికీ పంచిన పైనాపిల్ కేకుల్లో ఒకటి తీసి ఎలుగు పక్కన నిలబెట్టేవాడు. "కేకు కంటే మన ఎలుగే లావుగా ఉంది. సిగ్గుగా లేదూ మీకు?" అనేవాడు. నవ్వేవాళ్ళు నవ్వేవారు. తర్వాత ఆ కేకు తినేసేవాడు.

ప్రతి తరానికీ పెయ్‌రోంగ్ మొత్తుకునేది, ప్రతి తరానికీ చివరికి ఏదో ఒక దారి వెతికేది. అదే ఆమె తప్పేమో. ఇరుకైనకొద్దీ ఇంకాస్త ఇరుకులో వేడిని తోలగలదని పైవాళ్ళకు అలవాటు చేసింది.

పదకొండో తరానికి వచ్చేసరికి కేకు ఓడిపోయింది. లోకంలో ఇంత సన్నటి బలమైన కంప్యూటర్ లేదని పెట్టెల మీద ముందే అచ్చు వేయించారు. పైనుంచి ఇంకో మాట కూడా వచ్చింది. కొత్త సంవత్సరం అమ్మకాలకు ఇది అందకపోతే ఎలుగు విభాగమే ఉండదు, మనుషులందర్నీ స్కూలు పిల్లల కంప్యూటర్ల విభాగంలో సర్దేస్తారు. లియావ్ ఈ సంగతి చెప్పి, "రోంగక్కా, అంతా నీ చేతిలో ఉంది" అన్నాడు. వయసులో పెద్దవాడైనా, పని పడినప్పుడు అతనూ అందరిలాగే ఆమెను అక్కా అనేవాడు.

ఆమె బొమ్మ గీసినప్పుడే అనుమానపడింది. గాలి అడుగునుంచి లోపలికి పోవాలి, వెనకనుంచి బయటికి రావాలి. అడుగున కాళ్ళు గోరంత కూడా లేవు. అయినా యంత్రాలను పరీక్షించే వేడి గదిలో పెట్టిన మొదటి నమూనా రోజంతా నిండు వేగంతో నడిచింది. రెండోదీ నడిచింది, మూడోదీ నడిచింది. పెయ్‌రోంగ్‌కి ఒకవైపు నమ్మకం లేదు, ఇంకోవైపు మనసు పొంగిపోతోంది. పరీక్షలు చేసే అఛ్వెన్‌ని పిలిచి గొడ్డుమాంసం నూడుల్సు తినిపించింది.

"నాదేముందక్కా, అంతా అమ్మవారి దయ" అన్నాడు అఛ్వెన్ గిన్నెలోంచి తలెత్తకుండా.

"అమ్మవారు వేడి లెక్కలు కూడా కడుతుందేంటి?"

"లెక్కలు నువ్వు కడతావు. అవి తప్పినప్పుడు ఆవిడ చూసుకుంటుంది."

అచ్చులు పోశారు, ఫ్యాక్టరీ నడిచింది. మొదటి సరుకులోంచి కొన్ని తైపేకి వచ్చాయి. అప్పటికి అఛ్వెన్ వాళ్ళమ్మ కర్మలకని తైనాన్ వెళ్ళాడు. ఆగడమెందుకని పెయ్‌రోంగ్ తనే ఒకదాన్ని వేడి గదిలో పెట్టి తలుపు వేసింది. మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పేలోపే అది కాలిపోతున్నానని మొరపెట్టి ఆగిపోయింది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే.

ఆమెకు ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి దులిపేసింది. లోపల వేడి లాగే లేపనం సరిగా పూయలేదనీ, ఇలాంటి చేతులు తలకి నూనె రాసుకోవడానికి కూడా పనికిరావనీ తిట్టింది. అవతలివాళ్ళు పాపం మళ్ళీ పూసి మళ్ళీ పంపారు. అవీ ఆగిపోయాయి. ఈలోగా అఛ్వెన్ తిరిగొచ్చాడు. అవే యంత్రాలను అతను పెడితే రోజంతా నడిచాయి.

"నీ చెయ్యి మంచిదయ్యా" అంది పెయ్‌రోంగ్. అంది గానీ నవ్వు రాలేదు. యంత్రానికి మంచి చెయ్యీ చెడ్డ చెయ్యీ ఉండవని ఆమెకు తెలుసు. నడుస్తుండగానే వెళ్ళి వేడి గది తలుపు తీసింది.

ఎలుగు వెనక ఆకుపచ్చ పొట్లం ఉంది. కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న బుడగల పొట్లం. నెలకు రెండుసార్లు ఆఫీసు గుమ్మం ముందు బల్ల వేసి, పళ్ళూ పొట్లాలూ పేర్చి, అగరొత్తులు వెలిగించి దండం పెట్టాక, ఒక్కో పొట్లాన్ని ఒక్కో యంత్రం దగ్గర పెడతారు. ఆ తినుబండారం పేరుకి బుద్ధిగా ఉండమని అర్థం, అది పక్కనుంటే యంత్రం కూడా బుద్ధిగా ఉంటుందని నమ్మకం. పసుపుపచ్చది పెడితే పేచీ పెడుతుంది, ఎర్రది పెడితే మొరాయిస్తుంది, ఆకుపచ్చదే పెట్టాలి, అదీ గడువు దాటనిది. ఇందులో వింతేమీ లేదు. పెయ్‌రోంగ్ బల్ల మీద కూడా ఒకటుంది.

కానీ ఈ పొట్లం వెనక ఊరికే లేదు. జారిపోకుండా అఛ్వెన్ దాని అంచును ఎలుగు వెనక కాళ్ళ కింద దూర్చాడు. గది వేడికి లోపలి గాలి ఉబ్బి పొట్లం బూరెలా పొంగింది. ఎలుగు వెనకభాగం వేలెడంత పైకి లేచి ఉంది. కిందినుంచి గాలి హాయిగా పోతోంది.

పెయ్‌రోంగ్ పొట్లాన్ని మెల్లగా లాగింది. ఎలుగు బల్లకు అతుక్కుని కూర్చుంది. ఇద్దరూ నిలబడి చూశారు. తెర మీద వేడి అంకె ఎక్కడం మొదలుపెట్టింది, ఆగలేదు.

"ఎప్పుడూ ఇలాగే పెడతానక్కా" అన్నాడు అఛ్వెన్. "మొదటి ఎలుగు నుంచీ ఇలాగే. ఎప్పుడూ ఏం కాలేదు."

"అప్పుడు దానికి కాళ్ళుండేవి. నీ పొట్లం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"మరి బాగా నడిచాయని నేను పైకి రాసి పంపినవన్నీ?"

ఆమె పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. అతన్ని తిట్టాలనిపించలేదు. ఇన్నేళ్ళుగా ఆ గదిలోకి వెళ్తూ వస్తూ ఆ పొట్లాన్ని తనూ చూసింది. చూసి దండం కూడా పెట్టింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు, కానీ కొన్నవాడి బల్ల మీద ఎలుగు రోజూ చస్తుంది. చెబితే విభాగమే చస్తుంది. ఆమె లియావ్ గదికి వెళ్ళి చెప్పింది.

లియావ్ మొత్తం విన్నాడు. "ఇది నాకెందుకు చెప్పావు?" అన్నాడు.

"మీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను సార్?"

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. హాయిగా నిద్రపోయేవాణ్ణి."

"కాళ్ళు కాస్త పొడుగు చేద్దాం. వేలెడు అక్కర్లేదు, అందులో సగం చాలు."

"అచ్చులు పోసేశాం రోంగక్కా. పెట్టెల మీద అచ్చేశాం. ఆ సగం వేలితో మనం రెండోవాళ్ళమైపోతాం. రెండోవాళ్ళ పేరు ఎవడికి గుర్తుంటుంది?"

"అయితే ఒక్కో పెట్టెలో ఒక్కో పొట్లం పెట్టి పంపుదాం" అంది కసిగా.

అతను నిజంగానే క్షణం ఆలోచించాడు. "మన దగ్గరైతే చెల్లుతుంది. బయటి దేశాలవాళ్ళు తినేస్తారు" అన్నాడు. అన్నాక తనే నవ్వాడు, నవ్వి ఆపేశాడు. "వేగం తగ్గించు."

"ఎంత?"

"కాలిపోకుండా ఉండేంత. మొదట్లోనే వద్దు. పత్రికల్లో రాసేవాళ్ళు, వీడియోలు చేసేవాళ్ళు ఎంతసేపు పరీక్షిస్తారు? మూడు నిమిషాలో నాలుగో. అంతవరకు పరుగెత్తనివ్వు. తర్వాత నడవనివ్వు."

"అప్పుడది ఎలుగు కాదు సార్."

"పేరు అదే ఉంటుంది."

"నేను చెయ్యనంటే?"

లియావ్ కిటికీ వైపు తిరిగాడు. చెడ్డవాడు కాదతను. చెడ్డవాడైతే ఆమెకు తేలికగా ఉండేది. "చెయ్యనంటే నెలాఖరుకి ఎలుగు లేదు. నీకు ఎక్కడైనా దొరుకుతుంది. అఛ్వెన్‌కి యాభై దాటాయి. స్కూలు పిల్లల కంప్యూటర్లకి వేడి గది అక్కర్లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

వేగానికి పైహద్దు పెట్టే అంకెను వేడి విభాగం తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఆ నియమం ఒకప్పుడు పోట్లాడి పెట్టించింది ఆమే. ఎవడో తెలియనివాడు పెంచేసి యంత్రాన్ని కాలుస్తాడని అప్పట్లో ఆమె భయం. ఇప్పుడు ఆమే కూర్చుని తగ్గించింది. కొంచెం తగ్గించి పెట్టి చూసింది, ఆగిపోయింది. ఇంకాస్త తగ్గించింది. మూడింట ఒక వంతు పోయాక గానీ ఎలుగు చల్లబడలేదు. చేతులారా పెంచినదాని గొంతు చేతులారా నొక్కుతున్నట్టుంది. ఏడుపు వచ్చింది. పక్క బల్లలవాళ్ళు చూస్తారని లేచి టీ తెచ్చుకుంది.

అఛ్వెన్ పొట్లం లేకుండా పరీక్ష పెట్టాడు. రోజంతా నడిచింది. "నడిచిందక్కా" అని వచ్చి చెప్పాడు, ఎవరో పోయినట్టు.

పదకొండో ఎలుగు సమయానికి బజారులోకి వెళ్ళింది. రాసినవాళ్ళు ఆహా అన్నారు. ఇంత సన్నటి ఒంట్లో ఇంత బలమా అన్నారు. దుకాణాల ముందు వరసలు కట్టారు. సంవత్సరాంతపు విందులో లియావ్ వేదికెక్కి వేడి విభాగానికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టి గ్లాసులు పట్టుకుని పెయ్‌రోంగ్ చుట్టూ చేరారు. ఆమె ఒక్కొక్కరితోనూ తాగింది. అఛ్వెన్ విందు మధ్యలోనే, చేప వడ్డించకముందే లేచి వెళ్ళిపోయాడు.

వానలు మొదలయ్యాక ఔయాంగ్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నా ఎలుగుకి ఒంట్లో బాగాలేదు. మొదలుపెట్టగానే పులిలా ఉంటుంది, టీ కాచుకొచ్చేసరికి ముసలాడైపోతుంది. నీలి మాగ్‌పై పిట్టల సినిమా సగంలో ఉంది. లక్షమందికి మంచిది వచ్చి, నాకొక్కడికే పాడైంది తగిలినట్టుంది. నా అదృష్టం అలాంటిది. మార్చిస్తావా?"

"మారుస్తానండి" అంది పెయ్‌రోంగ్.

మార్చి పంపింది. పది రోజుల్లో మళ్ళీ ఫోన్.

"ఇదీ అంతేనమ్మా." ఈసారి ఆయన గొంతులో సరదా లేదు. "రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ సరిగ్గా ఒకే నిమిషానికి పడుకుంటున్నాయి. అంటే పాడైంది కాదన్నమాట."

"కాదండి."

"అన్నీ అంతేనా?"

"అన్నీ అంతేనండి."

అవతల వాన చప్పుడు వినిపించింది, కొండల్లో ఇంకా గట్టిగా పడుతున్నట్టుంది. తిడితే బాగుండుననుకుంది పెయ్‌రోంగ్. ఆయన తిట్టలేదు.

"నువ్వు ఉన్నావుగా అక్కడ" అన్నాడు చివరికి. "ఏదో తొందరలో ఇలా అయి ఉంటుంది. పోనీలే. వచ్చే తరంలో సరిచేస్తావుగా?"

"చేస్తానండి" అంది.

ఫోన్ పెట్టేసింది. ఎదురుగా తెర మీద పన్నెండో ఎలుగు బొమ్మ ఉంది, పదకొండో దానికంటే సన్నగా. లియావ్ ఇంకా చూడలేదు, దాని గురించి ఒక్క మాటా అడగలేదు. ఆ పొద్దున్నే, ఎవరూ అడక్కముందే, వేగం అంకెను ఆమె తగ్గించి పెట్టింది.